పంతొమ్మిది బ్యాటరీలు, ఒక్క దీపం

ఆ రోజుల్లో నాకు కరెంటు ముందు పుస్తకంలో పరిచయమైంది. గోడ మీద చూడడానికి ఆ తరువాత చాలా ఏళ్లు పట్టింది. జమ్మలమడుగులో మా ఇంట్లో రెండు మగ్గాలు, ఒక లాంతరు, ఆ లాంతరు గ్లాసు తుడవడానికి నేను ఉండేవాళ్లం. కరెంటు స్తంభాలు మా వీధి మొగదల దాకా వచ్చి ఎందుకో అక్కడే ఆగిపోయాయి. అయినా స్కూలు ఫైనలులో కరెంటు మీద ఇచ్చిన లెక్కకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది, ఓముల్లో. అవే వోల్టులను అవే ఆంపియర్లతో గుణిస్తే శక్తి వస్తుంది, వాట్లలో. ఒక భాగహారం, ఒక గుణకారం. ఇంత సులువైన విషయానికి పెద్దపెద్ద మగవాళ్లు చెక్కపీట ఎక్కి, చెప్పులేసుకుని, భయపడుతూ ఎందుకు ముట్టుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. (ఇప్పుడు అర్థమవుతుంది. ఇప్పుడు నేనూ చెప్పులేసుకునే స్విచ్చి వేస్తాను.)

అనంతపురంలో ఇంటరు, తరువాత టీచరు ట్రైనింగు అయ్యాక ప్రొద్దుటూరులో అమ్మాయిల హైస్కూలులో సైన్సు టీచరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవయ్యొక్క సంవత్సరాల నాలుగు నెలలు. సైన్సు గది అంటే నిజానికి ఒక బీరువా. అందులో ఒక పుర్రె బొమ్మ, రెండు అయస్కాంతాలు, ఎవరూ వాడని ఒక త్రాసు, నా ప్రాణానికి ప్రాణమైన రెండు మీటర్లు ఉండేవి. ఒకటి పదిహేను వోల్టుల దాకా కొలిచేది. రెండోది అయిదు వందల మిల్లీఆంపియర్ల దాకా, అంటే అర ఆంపియరు దాకా కరెంటును చూపేది. ఆ రెండింటినీ మా అమ్మ నేసిన చీర ముక్కలో చుట్టి దాచేదాన్ని. చేరిన నెలలోపలే హాజరు పట్టీల సగటులో ఒక తప్పు పట్టుకుని మా హెడ్మిస్ట్రెస్ గారికి చూపించాను. ఆవిడది గుంటూరు వైపు. ఆ రోజునుంచి ఎవరు ఏ లెక్క తెచ్చినా "ఆ అమ్మాయికి ఒకసారి చూపించండి" అనేవారు. ఇరవయ్యొక్కేళ్ల పిల్లకు ఇలాంటి పేరు రావడం ఎంత ప్రమాదమో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఏడు మా స్కూలుకు ఒక కొత్త హాలు వచ్చింది. దానికి ఇరవైనాలుగు దీపాలు పెట్టించాలని, ఆగస్టు పదిహేను సాయంత్రం వాటిని వెలిగించి హాలు ప్రారంభించాలని కమిటీ నిర్ణయించింది. వైరింగు పని టాకీస్ మామకు ఇచ్చారు. ఆయనది పులివెందుల. ఇరవై ఏళ్లు టూరింగు టాకీసు వెంట ఊరూరా తిరిగి, డేరాల్లో ఇంజను, దీపాలు చూసుకున్న మనిషి. గడ్డం నెరిశాక భార్యాబిడ్డలతో ప్రొద్దుటూరులో స్థిరపడి వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకున్నాడు. సాయిబులూ, రెడ్లూ, కోమట్లూ అందరూ ఆయన్ను టాకీస్ మామా అనే పిలిచేవారు. ఆయన పని చూడడానికి నేను ఖాళీ పీరియడ్లలో హాలులోకి వెళ్లేదాన్ని. టేకు పట్టీల మీద తీగ పరిచి జానకు రెండు క్లిప్పుల చొప్పున బిగించేవాడు. ఒకరోజు నేను స్కేలు తీసుకెళ్లి ఆ క్లిప్పుల మధ్య దూరం కొలిచాను. పన్నెండు చోట్ల కొలిస్తే పన్నెండు చోట్లా ఒకటే వచ్చింది. ఆయన దగ్గర స్కేలు లేదు. గౌరవం కలిగింది. కాని ఆ గౌరవం వెనకాల, పాపం చదువుకోలేదు కదా, అన్న మాట కూడా ఒకటి నిలబడి ఉండేది. అది నాకు అప్పట్లో కనబడలేదు.

ఇక ఆ బుధవారం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలల ఇరవై రోజులున్నాయి. మా హాలు ప్రారంభానికి మాత్రం మూడు రోజులే ఉంది. పై తరగతి అమ్మాయిలకు నిరోధం పాఠం చెబుతున్నాను. ఎప్పుడూ చూపే తీగ చుట్ట బదులు నిజమైన దీపాన్నే చూపిద్దామనిపించి, టాకీస్ మామ పెట్టెలోంచి ఒక బల్బు అడిగి తెచ్చాను. దాని నెత్తి మీద 230 వోల్టులు, 60 వాట్లు అని ఉంది. స్కూలుకు ఇంకా కరెంటు రాలేదు కాబట్టి నాకున్నవి రెండు టార్చి సెల్లులు, కలిపి మూడు వోల్టులు. మూడు వోల్టులకు బల్బు వెలగదని నాకు తెలుసు. కాని ముల్లు కదిలింది. ముప్పై మిల్లీఆంపియర్ల దగ్గర చక్కగా నిలిచింది. మూడును సున్నా పాయింటు సున్నా మూడుతో భాగించాను. వంద ఓములు! చివర ఒక్క భిన్నం కూడా లేకుండా అంత గుండ్రని జవాబు రావడం నాకు దేవుడు కనబడినంత సంతోషంగా ఉంది.

అప్పుడు మొదటి బెంచీలో అమ్మాయి లేచి, "టీచర్, మన హాల్లో వెలిగేటప్పుడు ఇది ఎంత కరెంటు తింటాది?" అని అడిగింది.

మంచి ప్రశ్న అని మెచ్చుకుని బోర్డు మీద లెక్క వేశాను. 230ని వందతో భాగిస్తే 2.3 ఆంపియర్లు. 2.3ను 230తో గుణిస్తే 529 వాట్లు. సుద్దముక్క నా చేతిలో ఆగిపోయింది. బల్బు నెత్తి మీద అరవై అని ఉంది.

"తొమ్మిదింతలు ఎక్కువ తింటాది టీచర్!" అంది ఆ అమ్మాయి.

"ఎనిమిది పాయింటు ఎనిమిది రెండు ఇంతలు," అని సరిదిద్దాను. (సరిదిద్దడానికి నాకు ఏ సమయమూ తప్పు సమయం కాదు.) ఇరవైనాలుగు దీపాలకు యాభై అయిదు ఆంపియర్ల పైచిలుకు. టాకీస్ మామ బోర్డులో పెట్టిన ఫ్యూజు పదిహేను ఆంపియర్లది. బడి గంట కొట్టకముందే నేను హెడ్మిస్ట్రెస్ గారి గదిలో ఉన్నాను.

ఆవిడ కాగితం చూసి, "అంటే ఏమవుతుందమ్మా?" అన్నారు.

"ఫ్యూజు పోతుంది మేడమ్."

"పోతే?"

"పోతే మంచిదే. పోకపోతే తీగ కాలుతుంది. తీగ టేకు పట్టీల మీద ఉంది. పట్టీలు దూలాలకు కొట్టి ఉన్నాయి."

"దూలాల కింద పిల్లలుంటారు," అన్నారావిడ మెల్లగా. "చాలు తల్లీ, ఇంక చెప్పకు."

టాకీస్ మామను పిలిపించారు. కరెంటు ఆఫీసువాళ్లు శుక్రవారం వచ్చి లైను కలపాలంటే పని సరిగా అయిందని హెడ్మిస్ట్రెస్ సంతకం కావాలి. ఆ సంతకం పెట్టనని ఆవిడ చెప్పారు. కమిటీ సెక్రటరీ గారు అప్పటికే ఒకసారి, ఈయనతో కాకపోతే కడపనుంచి వేరే కంట్రాక్టరును పిలిపిద్దామని అని ఉన్నారు. ఆ మాట కూడా చెప్పారు. ఆయన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. నా కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. అంకెలు చదవగలిగేవాడు, అక్షరాలు కూడబలుక్కునేవాడు.

"ఏ కరెంటుతో సూసినావు పాపా?" అని నన్నడిగాడు.

"రెండు సెల్లులతో," అన్నాను.

"ఊఁ," అన్నాడు. అంతే. ఆ ఊఁకు అర్థం నాకు మరుసటి రోజు పావు తక్కువ పన్నెండుకు గాని తెలియలేదు. అప్పుడు మాత్రం, జవాబు దొరక్క ఊఁ అన్నాడనుకున్నాను.

తరువాత ఆయన హెడ్మిస్ట్రెస్ గారితో అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "మేడం గారూ, ఇన్నాళ్లూ ఒకరి డేరా కింద, ఒకరి పేరు మింద పని జేసినా. నా పేరు మింద నేను పట్టిన పని ఇదే మొదులు. ఈ తీగలు ఇప్పినారనుకో, ఇప్పినారనే మాట ఒగటే ఊరంతా పోతాది. ఎందుకు ఇప్పినారని ఎవురూ అడగరు. ఇంగ ప్రొద్దుటూర్లో నన్ను గడప తొక్కనియ్యరు. ఒక్క దినం ఇయ్యండి."

"ఒక్క రోజులో ఏం చేస్తావయ్యా?"

"నేనేం జెయ్యను. టీచరమ్మే జేస్తాది. ఆమె మీటరు, ఆమె పెన్సిలు, నా దీపం. రేపు పొద్దున బస్టాండు కాడ బ్యాటరీ అంగడికి రాండి."

ఆ సాయంత్రం నేను ఉండే చిన్నమ్మగారింట్లో కూడా నా శాస్త్రజ్ఞానం ఊరుకోలేదు. వాళ్ల వంటింట్లో ఒకే ఒక్క అరవై వాట్ల బల్బు ఉండేది. అది అయిదు వందల ఇరవైతొమ్మిది వాట్లు తింటోందని చెప్పి విప్పించాను. చిన్నమ్మ లాంతరు వెలుగులో దోసకాయ పప్పు తిరగమోత పెడుతూ, "ఇన్నేండ్లు వెలిగింది గదమ్మే, నువ్వొచ్చినాక దానికేం రోగమొచ్చింది?" అంది. ఆవాలు ఎక్కువ మాడాయి. అది కూడా వెలుతురు చాలకే అని నేను ఒప్పుకోలేదు.

గురువారం పొద్దున హెడ్మిస్ట్రెస్ గారూ నేనూ జట్కాలో బస్టాండుకు వెళ్లాం. మీటర్లు నా ఒడిలో ఉన్నాయి. బ్యాటరీ అంగడి నడిపే ఆయన్ను యాసిడప్ప అనేవారు. ఆయన పంచెను చూస్తే ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. జల్లెడకు ఆ పంచెకు తేడా అంచులోనే ఉండేది. బస్సులవీ, లారీలవీ బ్యాటరీలు చార్జింగుకు వచ్చేవి. వాటిని నేల మీద చెక్కల మీద వరసగా పెట్టి, ఒకదాని కొస ఇంకొకదాని మొదలుకు కలిపి చార్జింగు పెట్టేవాడు. టాకీస్ మామ ఆ వరసను చూపించి, "నీ మీటరు లైను కరెంటుకు పలకదు పాపా, బ్యాటరీ కరెంటుకే పలుకుతాది. అందుకే ఈడికి పిల్సినా. ఒగొగటి పన్నెండు వోల్టులు. ఒగదాని యెనక ఒగటి తగిలిచ్చుకుంటా పోదాం. సూసుకో, రాసుకో," అన్నాడు.

అప్పటికే నాకు ఈ ఆలోచన ఎంత బాగుందో తెలిసి ఉండాలి. నాకు మాత్రం, 230ని పన్నెండుతో భాగిస్తే ఎంత వస్తుందన్నది ముందు తోచింది. "పంతొమ్మిది పాయింటు ఒకటి ఏడు బ్యాటరీలు కావాలి," అన్నాను.

"ఆ పాయింటు బ్యాటరీ యాడ దొరుకుతాదమ్మా?" అన్నాడు యాసిడప్ప. "ఈడ ఉండేటియి పదిహేడే."

పదిహేడు చాలని హెడ్మిస్ట్రెస్ గారన్నారు. పంతొమ్మిది లేనిదే లెక్క నిలవదని నేనన్నాను. టాకీస్ మామ వెళ్లి, మరమ్మతుకు ఆగిన ఒక లారీలోంచి ఒక బ్యాటరీ, పదకొండున్నరకు బయలుదేరవలసిన పులివెందుల బస్సులోంచి ఇంకొకటి విప్పించుకుని వచ్చాడు. ఆ బస్సు డ్రైవరును హారనప్ప అనేవారు. బ్యాటరీ వెనకాలే ఆయనా వచ్చాడు.

"ఏంది మామా ఇది? నా బస్సు గుండెకాయ పెరికి దీపానికి కడతాండావా? పాసింజర్లు యాడ సావాల?"

"పావుగంట ఓర్సుకో అప్పా. మీ పులివెందుల మనిషి మానం ఈ బ్యాటరీల్లోనే ఉండాది."

"అట్లయితే కట్టు," అన్నాడు హారనప్ప, మా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి.

పంతొమ్మిది బ్యాటరీలనూ నేను నా వోల్టుమీటరుతో ఒక్కొక్కటిగా కొలిచి, కూడి, మొత్తం రెండు వందల ఇరవైఎనిమిది అని రాసుకున్నాను. దీనికే ఇరవై నిమిషాలు పట్టింది. హెడ్మిస్ట్రెస్ గారు స్టూలు మీద గొడుగు పట్టుకుని కూర్చున్నారు. టాకీస్ మామ నన్ను పాత టైరు మీద నిలబెట్టి, "తీగల జోలికి రావాకు, మీటరే సూడు," అన్నాడు. తను ఎడమచేతిని వీపు వెనక పెట్టుకుని కుడిచేత్తోనే తీగలు కలిపేవాడు. పంతొమ్మిది బ్యాటరీలు కలిస్తే మనిషిని పడెయ్యగలవు, అందుకని రెండు చేతులూ ఒకేసారి తగలనివ్వకుండా అలా చేస్తాడు. ఆ పద్ధతి ఏ పుస్తకంలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట ఒకే బ్యాటరీ. పన్నెండు వోల్టులు. దీపం వంద ఓములది కాబట్టి నూట ఇరవై మిల్లీఆంపియర్లు రావాలి. నేను ఆ అంకె ముందే రాసి పెట్టుకున్నాను. ముల్లు అరవై దగ్గర నిలిచింది.

"కొస సరిగా తగల్లేదు," అన్నాను.

ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి తీగ కొస గీకి మళ్లీ కలిపాడు. అరవై. నేను మీటరు అద్దం మీద గోటితో తట్టాను. అరవై. పన్నెండును సున్నా పాయింటు సున్నా ఆరుతో భాగిస్తే రెండు వందల ఓములు. నిన్న వంద, ఈ రోజు రెండు వందలు. జట్కా కుదుపుకు మీటరు చెడిందన్నాను. నిన్నటి రెండు సెల్లులు సంచిలోనే ఉన్నాయి. వాటితో మళ్లీ చూడమన్నాడాయన. చూశాను. ముప్పై. అంటే వంద ఓములే. మీటరు బాగానే ఉంది. మరేది బాగా లేదో నాకు అర్థం కాలేదు.

"ఇంగ మొత్తం అయిదు కలుపుతాండా," అన్నాడు.

"వద్దు! అరవై వోల్టులకు ఆరు వందలు వస్తుంది, ఈ మీటరు అయిదు వందలకే! ముల్లు విరుగుతుంది!"

"ఇరిగితే నా నెత్తిన ఎయ్యి పాపా. పొద్దన్నుంచి నువ్వు నా దీపాన్ని నమ్మల్యా. నేను మాత్రం నీ మీటరును నమ్ముతాండా."

ఆయన తీగ తగిలించేటప్పుడు నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"కళ్లు మూసుకుంటే చదవడం ఎలాగమ్మా?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

తెరిచాను. నూట ముప్పై. బల్బులో తీగ సన్నగా ఎర్రబడి, పొయ్యిలో మిగిలిన నిప్పు కణంలా ఉంది. పెన్సిలు పెట్టాను: నాలుగు వందల అరవైఒక్క ఓములు. పది బ్యాటరీలకు నూట తొంభై. ఆరు వందల ముప్పై రెండు ఓములు. దీపం పసుపు పచ్చగా వెలిగింది. ఈలోపల బస్సులో కూర్చుని విసిగిన వాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఒక ముసలామె చంకలో కోడిపుంజుతో వచ్చి, "ఏందప్పా, పట్టపగలు దీపం పెట్టుకుని ఏం మొక్కుకుంటాండారు?" అనడిగింది.

"టీచరమ్మ లెక్క తెగాలని మొక్కుకుంటాండాం అవ్వా," అన్నాడు హారనప్ప. "అది తెగితేగాని మన బస్సు కదల్దు."

పంతొమ్మిదో బ్యాటరీ హారనప్ప బస్సుదే. అది కలిసిన క్షణంలో బల్బు తెల్లగా, ఎండలో కూడా చూడలేనంతగా వెలిగింది. ముల్లు రెండు వందల అరవై దగ్గరికి వెళ్లి కదలకుండా నిలిచింది. నేను భాగించాను: ఎనిమిది వందల డెబ్భై ఏడు ఓములు. గుణించాను: రెండు వందల ఇరవైఎనిమిదిని సున్నా పాయింటు రెండు ఆరుతో. యాభైతొమ్మిది పాయింటు రెండు ఎనిమిది వాట్లు. మళ్లీ గుణించాను. కాగితం తిప్పి మూడోసారి గుణించాను. బల్బు నెత్తి మీద అరవై అని రాసినవాడు అబద్ధం రాయలేదు. నేను వంద ఓములని రాసినదీ అబద్ధం కాదు. ఈ రెండు నిజాల మధ్య నేను టైరు మీద నిలబడి ఉన్నాను.

"మామా," అన్నాను. (ఆయన్ను నేను మామా అనడం అదే మొదటిసారి. అంతకుముందు వైర్‌మన్ గారూ అనేదాన్ని. అది గౌరవమని కూడా అనుకునేదాన్ని.) "ఇది ఎలా మారింది?"

ఆయన తీగ విప్పి, చల్లారే దీపాన్ని తలగుడ్డతో పట్టుకుని నా ముందు పెట్టాడు. "మారల్యా పాపా. నిన్న నువ్వు అడిగింది పండుకున్న దీపాన్ని. సల్లగుండే తీగ కరెంటును ధారాళంగా పోనిస్తాది. కాగే కొద్దీ బిగుసుకుంటాది. ఎలిగే దీపాన్ని అడిగితే ఎలిగే మాటే చెప్తాది."

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఇంజను చెప్పింది. డేరాలో దీపాలన్నీ ఒగేసారి ఏసినామనుకో, ఇంజను మూలుగుతాది, గొంతు పట్టుకున్నట్ల. ఒగ రెప్పపాటే. మళ్లా తేరుకుంటాది. ఎందుకబ్బా అని సూస్తాంటి. బల్బు పగిలేది గూడా ఏసేటప్పుడే, ఎలుగుతా ఎలుగుతా పగిలేది శానా తక్కువ. అప్పుడనుకుంటి, లేసేటప్పుడు దీనికి ఆకలెక్కువని. అప్పట్నుంచి నాలుగు నాలుగే ఏస్తా. నీ మాదిరి అంకెల్లో సెప్పేదానికి రాల్యా నాకు. ఈ పొద్దు నువ్వు చెప్తివి."

చదువుకున్న నేను ఒక్క కొలత తీసి రెండు వందల ముప్పై వోల్టుల దాకా గీత గీసేశాను. చదువుకోని ఆయన ఇరవై ఏళ్లు ఒక మూలుగును విని, దానికి కారణం వెతుక్కుని, దాని ప్రకారం తన పనిని మార్చుకున్నాడు. అంతకంటే నన్ను కదిలించింది ఇంకొకటి. బుధవారం ఆ గదిలోనే నా తప్పు ఆయనకు తెలుసు. ఊఁ అన్నాడంటే అందుకే. అక్కడే పకపకా నవ్వి, ఈ పిల్లకేం తెలుసు అనేసి ఉంటే, పరువు కోసం నేను నా వంద ఓముల్ని పట్టుకుని చచ్చేదాకా వదిలేదాన్ని కాను. అలా కాకుండా తన పేరునంతా తీసుకొచ్చి నా మీటరు ముల్లు మీద పెట్టాడు. ఆ ముల్లును చదివే మనిషి అబద్ధం ఆడదని నమ్మాడు. ఆ నమ్మకానికి తగ్గట్టు నేను చెయ్యగలిగింది ఒకటే మిగిలింది.

హెడ్మిస్ట్రెస్ గారి ముందుకు వెళ్లి, అంతమందిలో, "మేడమ్, నా లెక్క తప్పు. దీపాలు మంచివి. ఫ్యూజు సరిపోతుంది. ఇరవైనాలుగింటికి ఆరు పాయింటు రెండు నాలుగు ఆంపియర్లు. పని బాగుంది, సంతకం పెట్టండి," అన్నాను. 

"రాసివ్వు," అన్నారావిడ. రాసిచ్చాను. ఆవిడ అది రెండుసార్లు చదివి, కలం అడిగి తీసుకుని, గొడుగు నాకిచ్చి, యాసిడప్ప బల్ల మీదే సంతకం పెట్టారు.

"ఇంగ నా బ్యాటరీ నాకియ్యండి తల్లీ," అన్నాడు హారనప్ప. "ఆడ నా పెండ్లాం సంగటి కెలికి కూచోనుంటాది. ఆలస్యమెందుకయింది అంటే దీపం పండుకొనుండె, లేపొచ్చినాం అని చెప్తా. నమ్మితే నా అదృష్టం, నమ్మకపోతే నా కర్మ." బస్సు ఇరవైరెండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ముసలామె కిటికీలోంచి పుంజును పైకెత్తి చూపింది, ఎందుకో.

శనివారం సాయంత్రం ఆరున్నరకు టాకీస్ మామ హాలులో దీపాలను నాలుగు నాలుగుగా వేశాడు. ఆరుసార్లు వేస్తే ఇరవైనాలుగు. పిల్లలు ప్రతిసారీ ఓ అని అరిచారు. సెక్రటరీ గారు తన ఉపన్యాసంలో టాకీస్ మామ పేరు రెండుసార్లు చెప్పారు. ఆయన తలుపు పక్కన నిలబడి, రెండుసార్లూ తలగుడ్డ సర్దుకున్నాడు. ఆ తరువాత ఆ ఊళ్లో ఆయన వైరు పరచని వీధి నాకు తెలిసినంతలో లేదు. నేను చిన్నమ్మగారింటి బల్బు మళ్లీ పెట్టించాను. "రోగం తగ్గిందా?" అంది చిన్నమ్మ.

ఆ సాయంత్రమే జనం వెళ్లిపోయాక ఆయన నన్ను మెయిన్ బోర్డు దగ్గరికి పిలిచాడు. చెక్కపెట్టె మూత లోపలివైపు ఎన్ని దీపాలు, ఎంత కరెంటు, ఏ ఫ్యూజు, ఎవరు పనిచేశారు అన్నది రాసి పెట్టడం ఆయన పద్ధతి. రేపు తను లేకపోయినా తరువాత వచ్చేవాడు తడుముకోకూడదట. "నా రాత కోడిగీతలు. నువ్వు రాయి పాపా," అని తెల్లరంగు డబ్బీ, కుంచె ఇచ్చాడు. రాశాను. దీపాలు 24, ఆంపియర్లు 6.24. వాట్లు 1422.72 అని రాస్తుంటే, "సుమారుగా రాసినా సాలు," అన్నాడు. నేను వినలేదు. పనిచేసినవారు అని రాసి ఆయన పేరు రాశాను. ఆయన ఆ పేరును కూడబలుక్కుని చదువుకుని, "దాని కింద పరీక్ష చేసినవారు అని నీ పేరు గూడా రాయి," అన్నాడు.

పరీక్షకు నిలబడింది నేనేనని మా ఇద్దరికీ తెలుసు. వద్దు మామా అనవలసింది. అనలేదు. అనకపోగా, మూతలో మిగిలిన జాగా అంతా నాదే అన్నట్టు నా పేరును ఆయన పేరుకు సరిగ్గా రెండింతలు పెద్ద అక్షరాలతో, చివర రంగు కారేంత ఒత్తుగా రాసుకున్నాను. అది తలచుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది. ఇప్పుడైతే అలా చెయ్యను, నా పేరే రాయనివ్వను అని మా మనవరాళ్లతో చాలాసార్లు అన్నాను. కాని లెక్కలు సరిగా చెప్పడం నా అలవాటు కాబట్టి ఇక్కడ నిజం చెబుతున్నాను. మామ మళ్లీ కుంచె చేతికిస్తే ఇప్పుడూ రాస్తాను. కాకపోతే అక్షరాలు కాస్త చిన్నవిగా రాస్తాను.